అనంతపురంలో నాకు దొరికిన గది

తెలుగు ఎం.ఏ. చదవడానికి మలేషియా నుంచి అనంతపురం వెళ్తానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. ముత్తాత కాలం నుంచి పేరాక్‌లో నూనెతాటి తోటల మధ్యే మా బతుకు. ఆదివారం బడిలో నేర్చుకున్న తెలుగు నాకు చాల్లేదు. తెలుగునేల మీదే చదవాలని పట్టుబట్టాను. నాలాగే రావాలనుకునే మావాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, కోపంగానే రాస్తున్నాను.

కౌలాలంపూర్‌లో తెల్లవారుజామున విమానమెక్కి పది గంటలకల్లా బెంగళూరులో దిగాను. ఊళ్లోకి పోనవసరం లేదు. దేవనహళ్లి దాకా వస్తే హైవే మీద అనంతపురం బస్సు దొరుకుతుంది. బాగేపల్లి దగ్గర బస్సు ఆపితే చిత్రాన్నం తిన్నాను, కారం దంచి పోశారు. అక్కణ్ణుంచి అన్నీ రాతిగుట్టలు, ఎర్రనేల, వానల్లేక వాడిపోయిన వేరుశనగ చేలు.

పక్క సీట్లో కంబదూరు రైతు ఒకాయన కూర్చున్నాడు.

"తెలుగు సదివేదానికి ఈడికొచ్చినావా? మా పిల్లోల్లు యాడికన్నా పోదామని సూస్తాంటే నువ్వు ఎదురొస్తాండావు కదమ్మా!" అని పకపకా నవ్వి, సంచిలోంచి వేయించిన శనక్కాయలు తీసి నా దోసిట్లో పోశాడు. తర్వాత, "మీరేమిట్లోల్లు?" అన్నాడు.

"మలేషియావాళ్లం."

"అది కాదమ్మా." మా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. "ఊహూఁ, ఆ ఇంటిపేరు ఈపక్క లేదు" అని కిటికీ వైపు తిరిగాడు. పాపం, చుట్టరికం వెతుకుతున్నాడనుకుని మురిసిపోయాను. ఎంత వెర్రిదాన్ని!

మధ్యాహ్నం మూడున్నరకు అనంతపురం చేరాను. ఆ రాత్రికి బస్టాండు దగ్గర లాడ్జీలో పడుకున్నాను. పొద్దున్నే సువార్త వచ్చింది. నాతోపాటే ఎం.ఏ.లో చేరిన పిల్ల, ఇదివరకు ఫోన్లోనే పరిచయం. వాళ్లది శింగనమల దాటి లోపలికి పోవాల్సిన పల్లె. క్లాసులు ముగిసేసరికి వాళ్ల ఊరి చివరి బస్సు వెళ్లిపోతుంది. హాస్టల్లో ఖాళీ లేదు. ఊళ్లో గది దొరక్కపోతే ఆమె చదువు మానుకోవాల్సిందే. ఇద్దరం కలిసి ఒక గది తీసుకుందామనుకున్నాం.

మొదటి ఇంట్లో అడిగారు, ఏమిట్లోల్లని. రెండో ఇంట్లోనూ అదే. అద్దె ఎంతో చెప్పరు, గది చూపించరు, ముందు కులం చెప్పాలట! బస్సులో ఆ పెద్దమనిషి వెతికిందేమిటో అప్పటికి నా మట్టిబుర్రకు ఎక్కింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడోది రిటైరైన మాస్టారి ఇల్లు. మేడమీద చక్కటి గది, గాలీ వెలుతురూ ఉన్నాయి. ఆయనా అదే అడిగాడు.

"మాకు తెలియదండీ. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు" అన్నాను.

ఆయన నవ్వేశాడు. "పోనీలేమ్మా, దేశం గాని దేశం నుంచి వచ్చినావు. నీకు ఈ పట్టింపులన్నీ ఏముంటాయి?" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. తర్వాత సువార్త వైపు తిరిగాడు. "నీది యా ఊరు పాపా? మీ నాయన పేరేంది?"

సువార్త చెప్పింది. తండ్రి పేరు దానియేలు.

మాస్టారి భార్య ఒక్క గ్లాసు కాఫీ తెచ్చి నాకిచ్చింది.

"ఇద్దరికైతే నీళ్లు సాలవమ్మా," అన్నాడాయన నాతో, "నువ్వొక్కదానివైతే ఈపొద్దే దిగు."

"ఇద్దరమని ముందే చెప్పాం కదండీ. అప్పుడున్న నీళ్లు ఇప్పుడేమయ్యాయి?"

"నీకు తెలీదులేమ్మా ఈ సంగతులు."

"బాగా తెలిసిందండీ!" కాఫీ ముట్టకుండా, తాళంచెవి అరుగు మీద విసిరేసి బయటికొచ్చాను.

వీధిలో సువార్త నా మీద విరుచుకుపడింది. "నీకేమన్నా పిచ్చా? దొరికిన రూము ఇడిసిపెట్టి వస్తివే!"

"నీకు కోపం రాలేదా?"

"రాకుండా ఎట్లుంటాది? వచ్చిన కోపమంతా యాడ పెట్టుకునేది? నాకు సదువు కావల్ల."

ఆఖరి బస్సు వేళయ్యేదాకా తిరిగాం. గది దొరకలేదు. చివరికి ఆమెతోపాటు వాళ్ల ఊరి బస్సెక్కాను. ఎక్కాక కూడా నా ఒళ్లు మండుతూనే ఉంది. సముద్రం దాటొచ్చినదానికి గది ఉంది, గంట ప్రయాణంలో ఉన్న ఊరి పిల్లకు లేదు. మా ముత్తాతలు తలుచుకుని తలుచుకుని ఏడ్చిన ఊళ్లు ఇవేనా! సిగ్గేసింది.

సగం దారిలో వాళ్ల నాయన ఫోన్ చేశాడు. బస్సు మోతలో వినిపించక సువార్త స్పీకర్ పెట్టింది.

"రూము దొరికిందా పాపా?"

"లేదు నాయనా. బాగనే ఉన్నింది గానీ, నీళ్లు సాలవంట."

అబద్ధమెందుకు చెప్తావని నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెండ్లయిన కొత్తల్లో మీయమ్మను తీసుకొని ఆ ఊర్లో ఇల్లు ఎతికితిని," అన్నాడాయన, "అప్పుడు గూడా నీళ్లు లేవులే పాపా. రేపు నేనూ వస్తా, మళ్లా ఎతుకుదాం. ఆ పాపను గూడా పిల్చుకొని రా. అన్నం వండి పెట్టినాం."

సువార్త ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కోపంతోనే.

రావాలనుకునే మావాళ్లు రండి. కానీ ఇక్కడెవరైనా మీ ఒక్కరికే గది ఇస్తామంటే తీసుకోకండి.