మంగళవారం బిగించిన మోటారు

మా మోరీ ఊరి రేవులో ఫిట్టర్ ఎజిర్ అంటే ఎవరికీ పడదు. నాకూ పడదు. కాకపోతే నేను వలలు బాగుచేసుకునే చోటు వాడి పాకను ఆనుకునే ఉంది కాబట్టి, వాడి బతుకు నేను చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు.

వాడి ఎడమ పాదం పడవ మోటారు పంకా కింద పోయింది. పంకాకు చుట్టుకున్న వలను నీళ్లలో దిగి విప్పుతుంటే, పైనున్న తమ్ముడు ఎబో చూసుకోకుండా గేరు వేశాడు. తప్పయిందన్న మాట ఎబో నోట ఏనాడూ రాలేదు. పైగా వాణ్ణి కుంటోడని పిలవడం రేవుకు నేర్పిందీ వాడే. ఎజిర్ మోటార్ల పని నేర్చుకుని ఒడ్డున బతికాడు. పని బంగారం, నోరు విషం. ఎవడైనా మోటారు చెడగొట్టుకొస్తే పదిమందిలో నిలబెట్టి ఏడిపించేదాకా వదిలేవాడు కాదు.

మంగళవారం సముద్ర దేవుడి రోజని మేము సముద్రం జోలికి పోం. ఆ రోజు పడవే కాదు, మోటారు కూడా ఉప్పునీళ్లు తాకకూడదు. అందుకే మరమ్మతులన్నీ ఆ రోజే పెట్టుకుంటాం. ఆ మంగళవారం పెద్ద పడవ యజమానురాలు ఎకువా, వేడెక్కిపోతున్న తన మోటారును ఒడ్డుకు దింపించింది. పానా మాత్రం ఎజిర్‌కి కాదు, అక్క కొడుకు అన్సాకి ఇచ్చింది.

"నీ తిట్లు తినలేక చస్తన్నాం. మావాడు టౌన్లో నేర్చుకొచ్చాడు. నువ్వు నోరు మూసుక్కూర్చో," అంది ఎజిర్‌తో.

అన్సా బోల్టులు విప్పి మోటారు కింది భాగాన్ని ఊడదీశాడు. నీటి పంపులో అరిగిన రబ్బరు మార్చాడు, ఇరుసుకు గ్రీజు పూశాడు. అంతవరకూ వంక పెట్టేందుకేం లేదు. కానీ కడిగేటప్పుడు గేరు కడ్డీ వాడి చేతిలో ఒక మెట్టు తిరిగింది. పై భాగం న్యూట్రల్‌లో ఉంది, కింది భాగం రివర్స్‌లో పడింది. వాడు చూసుకోకుండా రెండూ కలిపి బిగించేశాడు.

"ఒరే, విప్పరా. గేరు కలవలేదు," అన్నాడు ఎజిర్.

ఆ పడవలో మోటారు నడిపేది ఎబోనే. "అన్నయ్యకి కడుపుమంటరోయ్!" అని అరిచాడు. ఎకువా చేపలు కడిగిన నీళ్ల బేసిను ఎత్తి ఎజిర్ నెత్తిన కుమ్మరించింది. పొలుసులు గడ్డానికి అంటుకుని వాడు అలాగే కూర్చుంటే, రేవంతా పగలబడి నవ్వింది.

మోటారును నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి ఆడించారు. డ్రమ్ము ఇరుకు కాబట్టి పంకా పెట్టలేదు, గేరు తప్పు బయటపడలేదు. మోటారును చల్లార్చే నీటిధార బాగా కొట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు. అదే ఎజిర్ అయితే, బుధవారం పొద్దున్నే మోకాటి లోతులో ముందుకీ వెనక్కీ గేరు వేసి చూడందే ఏ పడవనూ కదలనిచ్చేవాడు కాదు.

సాయంత్రం నేను నిప్పు కోసం వాళ్లింటికి వెళ్లాను. అన్నదమ్ములు ఒకే పళ్లెంలో కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దలు మిరపకాయ పచ్చడి నంజుకుని తింటున్నారు.

"రేపు దిగేముందు మోకాటి లోతులో గేరేసి చూడరా," అన్నాడు ఎజిర్, తల ఎత్తకుండానే.

"నువ్వు నేర్పితే నేను నేర్చుకోవాలా కుంటోడా? చేప విరగబడతంది. నీ తతంగాలకి టైం లేదు."

పొయ్యి దగ్గరున్న వాళ్ల తల్లి ఫక్కున నవ్వింది. చిన్నకొడుకు ఏమన్నా ఆమెకు ముద్దే.

తెల్లారి పడవ తోస్తున్నప్పుడు ఎజిర్ కర్ర పట్టుకుని ఒడ్డుకొచ్చాడు. ఎబో మోటారు దగ్గర నిలబడి కన్నుగీటాడు. "ఏం ఫిట్టరూ, ఇంకేవన్నా సెలవిస్తావా?"

ఎజిర్ వాణ్ణి ఎగాదిగా చూశాడు. "ఏం లేదు. వెళ్లిరా."

మోటారు స్టార్టు కాగానే పడవ వెనక్కి లాగింది. ఎబో ముందుకు పోయే గేరు వేశాడు. పంకా ఆగిపోయింది, ఇంజను మాత్రం గొంతు చించుకుని అరిచింది. రెండో అల పడవను అడ్డంగా తిప్పింది, మూడోది బోర్లా కొట్టింది. మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారు. ఎబో పడవ కింద నలిగిపోయాడు.

ఎబోను పూడ్చి వచ్చిన మర్నాడే ఎకువా ఆ మోటారును ఎజిర్ పాకలో పెట్టించి వెళ్లిపోయింది. వాడు కింది భాగం ఊడదీసి, గేరు సరిచేసి, మళ్లీ ఎక్కిస్తుంటే తల్లి వచ్చి నిలబడింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆఖర్న వాడు అడిగాడంట కదరా!"

"రెండుసార్లు చెప్పా. రెండుసార్లూ నవ్వారు. నువ్వు కూడా."

ఆమె ఇసుకలో కూలబడి గుండెలు బాదుకుంది, కన్నకడుపును తిట్టుకుంది. వాడు ఆగలేదు. ఒక్కో బోల్టూ బిగించుకుంటూ పోయాడు. నా చేతిలో వల ఉంది గానీ, వాడి నెత్తిన రాయి వెయ్యాలనిపించింది.

పని అయ్యాక చేతులు తుడుచుకుని, "అమ్మా, ఆకలేస్తంది," అన్నాడు.

ఆమెకు ఇంకో కొడుకు లేడు. లేచి వెళ్లి వడ్డించింది.