నాలుగు పళ్ళ సాకెట్

ఉర్హో కలుంకి అడవిలో దుంగలు కొట్టి బతికినవాడు. నడుం పట్టేశాక ఆ పని మానేసి, తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కుకు ముందు మంచు తోసే రేకు బిగించుకున్నాడు. చలికాలమంతా కివి రోడ్డు మీద ఉన్న మా ఇళ్ళన్నిటికీ దారి చేసిపెడతాడు. మెచ్చుకున్నా పలకడు, తిట్టినా పలకడు. మొండితనం పక్కన పెడితే బంగారంలాంటి మనిషి. అయితే పక్కన పెట్టడం కుదరదు, మనిషిలో ముప్పాతిక భాగం అదే.

మొన్న నవంబరులో ఆ ట్రక్కు ఎడమవైపు ముందు చక్రం గుర్రుమనడం మొదలుపెట్టింది. నేను స్కూలు బస్సు తోలి రిటైరైనదాన్ని. అతను మా ఇంటి ముందు మలుపు తిరుగుతుంటేనే బేరింగు పోయిందని చెప్పాను.

"నాకింకా చెవుడు రాలేదు హెల్వీ" అన్నాడు.

వేరే ఇంట్లో అయితే ఆ పని వసంతం దాకా వాయిదా వేసుకోవచ్చు. ఉర్హో భార్య ఐలీకి కిడ్నీలు పాడయ్యాయి. ప్రతి సోమవారం, గురువారం పట్నం తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించాలి. మంచు పడితే మా కొండ ఎక్కగల బండి ఈ రోడ్డులో అదొక్కటే. బుధవారం గట్టిగా పడుతుందని రేడియోలో చెప్పారు. గురువారం ఐలీ పట్నంలో ఉండి తీరాలి.

మంగళవారం నేను రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి ట్రక్కు షెడ్డులో జాకీ మీద ఉంది. చక్రం ఊడదీశాడు. బ్రేకు విప్పి తీగతో పైకి కట్టాడు. బల్ల మీద కొత్త బేరింగులు, గ్రీజు డబ్బా, పాత బేరింగు గిన్నెల్ని కొట్టి తియ్యడానికి ఇత్తడి కడ్డీ, అంతా పద్ధతిగానే పరిచాడు. వాటి పక్కన సుత్తి, ఉలి. ఉలి చూడగానే నాకు ఒళ్ళు మండింది.

ఆ బళ్ళలో బేరింగును పట్టి ఉంచే నట్లు చక్రం నడిమి హబ్బు లోపల, నుయ్యిలో ఉన్నట్టు లోతుగా ఉంటాయి. వాటి అంచుకి నాలుగు గాట్లు. ఆ గాట్లలో కూర్చునే నాలుగు పళ్ళ సాకెట్ పానా ఉంటే హాయిగా తిరిగి వచ్చేస్తాయి. లేనివాళ్ళు గాటులో ఉలి ఆనించి, సుత్తితో కొట్టుకుంటూ తిప్పుతారు. మా వైపు మగాళ్ళలో సగంమంది అలాగే కానిచ్చేస్తారు. విప్పడానికి అది ఎలాగో సరిపోతుంది. బిగించేటప్పుడే ప్రాణం మీదికొస్తుంది. ఎక్కువైతే బేరింగు మాడిపోతుంది, తక్కువైతే చక్రం ఊగుతుంది. ఉలి దెబ్బకు ఎంత బిగిసిందో ఆ దేవుడికే తెలియాలి.

సాకెట్ మా రోడ్డులో ఒకటుంది. మొదట ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తులేదు. ఆఖరున వాడినవాళ్ళ షెడ్డులో ఉంటుంది, కావలసినవాళ్ళు వెళ్ళి తెచ్చుకుంటారు. అయితే జప్తుకొచ్చినట్టు గుమ్మంలో నిలబడి పుచ్చుకోవడం మాలో లేదు. లోపల కూర్చోవాలి, కాఫీ తాగాలి, రెండో కప్పు పోస్తే కాదనకూడదు. ఆ తర్వాతే పనిముట్టు మాట ఎత్తాలి.

అప్పుడది లెస్టర్ బోషాం దగ్గరుంది. ఒకే జింకను ఇద్దరూ కాల్చి, అది నాదంటే నాదని తగువు పడ్డప్పటినుంచీ ఉర్హోకి, లెస్టర్‌కి మాటల్లేవు.

"వెళ్ళి తెచ్చుకోరాదూ?" అన్నాను.

"వాడి ఎదురుగా కూర్చుని వాడి కాఫీ తాగమంటావా?"

"విషం కలపడులే."

"నా జింకను తిన్నవాడు వాడు."

"అదెప్పుడో అరిగిపోయింది. చక్రం సంగతి చూడు."

ఉర్హో సుత్తి ఎత్తాడు. నాలుగు దెబ్బలకు గాటు చెదిరింది, ఇనుప పొట్టు గ్రీజులో రాలింది. ఇంకో దెబ్బకు ఉలి జారి బొటనవేలు చీరుకుంది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ ఉలి పెట్టాడు. "ఆ చక్రం మీద కొండ దిగేది నీ పెళ్ళాం. గుర్తుందా?" అన్నాను. మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని, కర్ర పొడుచుకుంటూ ఐలీ వచ్చింది. ఇంట్లో పడుకుందనుకున్నాం. కోటు జేబులోంచి సాకెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"లెస్టర్ ఇచ్చాడు" అంది.

ఉర్హో సాకెట్ వైపు చూడలేదు. ఆమె మొహమే చూశాడు. ఐలీకి ఒంట్లో నీళ్ళు బయటికి పోవు. రోజంతటికీ ఇన్నే తాగాలని డాక్టరు కొలిచి చెప్పాడు. సూపైనా, మాత్ర మింగే గుక్కైనా అందులోంచే. వేళకింత అని ఆమె సీసాలో పోసి పెట్టేది ఉర్హోనే.

"కాఫీ తాగావా?"

"తాగకుండా ఎలా అడుగుతాను?"

"ఎన్ని కప్పులు?"

"రెండు. వాళ్ళవి పెద్ద కప్పులు."

"నాకు పడదని చెప్పాల్సింది."

"చెబితే, మరి మీ ఆయన ఎందుకు రాలేదని అడుగుతాడు. ఏం చెప్పను?" అని ఐలీ పెట్టె మీద కూర్చుంది.

ఉర్హో ఉలి పక్కన పెట్టి సాకెట్ అందుకున్నాడు. నాకే ఆ షెడ్డులో నిలబడబుద్ధి కాలేదు, అయినా దీపం పట్టుకోవాలని ఉండిపోయాను. ఉలి చెడగొట్టిన గాటును ఆకురాయితో సాపు చేసి సాకెట్ దించాడు. రెండు నట్లూ వచ్చేశాయి. ఇనుప పొట్టు ఒక్క నలుసు లేకుండా లోపలంతా కడిగాడు. కొత్త బేరింగులకు అరచేత్తో గ్రీజు కూరాడు. నట్టు బిగించి, హబ్బును తిప్పి చూసి, కాస్త వెనక్కి వదిలి, మళ్ళీ తిప్పి చూశాడు. అంత జాగ్రత్తగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఐలీ ఆ సాయంత్రం నిమ్మచెక్క చప్పరిస్తూ గడిపింది. నాలుక తడుపుకోవడానికి కూడా ఇంకో గుక్క మిగల్లేదు.

గురువారం మంచులో ట్రక్కు చప్పుడు లేకుండా కొండ దిగింది.

ఆ మర్నాడు ఉర్హో లెస్టర్ ఇంటికి వెళ్ళాడట. ఈ మాట లెస్టరే నాకు చెప్పాడు. గుమ్మంలో నిలబడి, "ఇంకోసారి ఐలీ వస్తే కాఫీ పొయ్యకు. దానికి మంచినీళ్ళు కూడా కొలతే" అన్నాడట.

లెస్టర్‌కి కోపం సర్రున ఎక్కింది. "ఆ సంగతి నాకెలా తెలుస్తుందయ్యా? చెప్పాల్సినవాడివి ఇన్నేళ్ళూ ఏమైపోయావు?" అన్నాడు.

"ఇప్పుడు చెబుతున్నా కదా" అని ఉర్హో టోపీ తీసి, లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.