అంచులో మూడు కుట్లు

ఆ దీవిలో చొక్కాలు కుట్టేది ఆమె ఒక్కతే. అందరికీ టైలరమ్మ. జెట్టీకి ఎదురుగా ఒకే గది. కిటికీ కింద కుట్టుమిషను, గోడవారగా చెక్కపెట్టె, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నూనెగుడ్డలో చుట్టిన కత్తెర. భర్త పోయాక ముప్పై ఏళ్లుగా ఆ కిటికీ వెలుతురులోనే కూర్చుంది. నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"నడుము కొలత అడిగితే అంత సిగ్గేంటయ్యా, పెళ్లిచూపులకొచ్చినట్టు?"

మగవాళ్లు నవ్వి పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్లు. వాళ్లు ఊపిరి వదిలేదాకా ఆమె టేపు పట్టుకుని ఆగేది.

సముద్రం మీదికి వెళ్లే ప్రతి మగవాడి చొక్కాకీ కింది అంచు మడతలో ఇంటి గుర్తు ఉండాలి. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. లాంచీ ఇంటిది మూడు అడ్డకుట్లు, పక్కన ఒక కొక్కెం. నీళ్లు ముఖాన్ని తీసేసుకుంటాయి, దారాన్ని వదిలేస్తాయి. ఒడ్డుకు ఎవరు కొట్టుకొచ్చినా ఆమెను పిలుస్తారు. ఆమె అంచు తిప్పి, అది ఏ ఇల్లో పైకి చెబుతుంది. అంతవరకు ఎవరూ ఏడవరు.

ఒక్క నియమం. గుర్తు కుట్టే చెయ్యి తన వాళ్లకు కుట్టకూడదు. కుడితే చావును పిలిచి పీట వేసినట్టేనని నమ్మకం. అందుకే తమ్ముడి చొక్కాలు తనే కుట్టినా అంచు జోలికి వెళ్లేది కాదు. గుర్తు మరదలు కుట్టేది, వంకరటింకరగా.

"నీ కుట్లు చూస్తే చేపలు కూడా నవ్వుతాయే."

"నవ్వనీ వదినా. వాటికి చూసే అవసరం రాకపోతే చాలు."

లాంచీ ఇంట్లో మిగిలింది అవ్వ, ఆమె కొడుకు. లాంచీ నడిపిన ఇంటాయన ఎప్పుడో పోయాడు, పేరు ఉండిపోయింది. ఆ ఏడు కొడుకు ఒక చొక్కా కుట్టించుకున్నాడు. ఛాతీ దగ్గర పట్టేసింది.

"టైలరమ్మా, ఇది నాకు కాదు. పదో క్లాసు చదివేప్పటి నాకు కుట్టావు."

ఆమె గొణుక్కుంటూ ఇంకొకటి కుట్టింది. మొదటిది పెట్టెలో పడి ఉంది.

ఒక పొద్దున తమ్ముడు తడిచొక్కాతో వచ్చాడు. ఆరినది ఇంట్లో ఇంకొకటి లేదన్నాడు. ఆ రోజు అతనూ లాంచీ అవ్వ కొడుకూ ఒకే పడవలో వెళ్తున్నారు. ఆమె పెట్టెలోంచి ఆ చొక్కా తీసింది. చేతులు రెండు వేళ్లు పొడవున్నాయి. మడిచి కుట్టింది. తెల్లదారం అయిపోతే నీలం వేసింది.

"ఎవరైనా చూస్తే ఏమంటారక్కా?"

"నీ ముఖమే ఎవరూ చూడరు, చేతులు చూస్తారా? పోరా."

అంచు తిప్పి చూడలేదు. తమ్ముడి చొక్కా అంచు ముట్టకపోవడం చేతికి ఏళ్ల తరబడి అలవాటు. లాంచీ ఇంటి గుర్తు అక్కడే ఉండిపోయింది.

పడవ తిరిగి రాలేదు.

పదకొండో రోజు ఉత్తరపు రాళ్ల దగ్గర ఒక శవం దొరికింది. చేపలకు ఐసు కొట్టే షెడ్డులో పడుకోబెట్టారు. ఆమె వంగి అంచు తిప్పింది. మూడు అడ్డకుట్లు, కొక్కెం. బిగబట్టిన ఊపిరి వదిలింది. తమ్ముడు కాదు.

"లాంచీ ఇల్లు," అంది గట్టిగా. బయట అవ్వ గొంతు లేచింది.

అప్పుడు కనబడింది, మణికట్టు దగ్గర నీలం దారం.

నోరు తెరిచింది. అవ్వ అప్పటికే లోపలికి వచ్చి ఆ పాదాలు ఒళ్లోకి తీసుకుంది. టైలరమ్మ నోరు మూసుకుంది.

శవానికి అవ్వే స్నానం చేయించింది. కొండవాలులో పూడ్చారు.

దొరకని మనిషి ఇంట్లో తలుపు వేయరు. దొరికేదాకా బార్లా తీసే ఉంచుతారు. మరదలు గుమ్మం పక్కనే చాప వేసుకుంది. ఈదురుగాలుల కాలం. నెల తిరిగేసరికి దగ్గు పట్టుకుంది. ఇంకో పదిహేను రోజులకు నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డలో నెత్తుటి చార. నర్సు వచ్చి తలుపు వేసుకోమంది, వినకపోతే అరిచి వెళ్లింది.

"వేసుకోవే, నా మాట విను."

"ఆయన వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి పోతే?" మరదలు దగ్గు ఆగేదాకా ఆగింది. "అవ్వ నయం వదినా. ఆమెకు తెలిసిపోయింది."

ఆ మధ్యాహ్నమే టైలరమ్మ లాంచీ ఇంటికి వెళ్లి గడియ కొట్టింది. అవ్వ తలుపు తీసి, మళ్లీ కుంపటి దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"అవ్వా, ఒక తప్పు జరిగింది. ఆ చొక్కా..."

"నా కొడుక్కి ఎడమకాలి చిటికెనవేలు లేదు," అంది అవ్వ బొగ్గులు కదుపుతూ. "చిన్నప్పుడు లంగరు పడింది. నేను కడిగిన కాలికి అయిదు వేళ్లూ ఉన్నాయి."

టైలరమ్మ ఆమె ఎదురుగా కూర్చుంది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

అవ్వ కుంపట్లో ఇంకో బొగ్గు వేసింది.

"రోజూ వెళ్లి ఆ మట్టి దగ్గర కూర్చుంటున్నాను," అంది అవ్వ. "ఎవరి బిడ్డయితేనేం, కూర్చోడానికి ఒక చోటుంది. ఇప్పుడు నువ్వు చెబితే ఈ తలుపు నేను తియ్యాలి. ఈ వయసులో, ఈ గాలికి."

"నా మరదలు చచ్చిపోతుంది అవ్వా. నెత్తురు పడుతోంది."

"ఎన్నేళ్లు దానికి?"

"ముప్పై రెండు."

అవ్వ కుంపటి మీంచి చూపు తిప్పలేదు. "అడగడానికొచ్చావా, చెప్పడానికొచ్చావా?"

"చెప్పడానికే," అంది టైలరమ్మ.

"అయితే పో. వెళ్తూ తలుపు దగ్గరికి వెయ్యి. ఇవాళ్టికి."

మరదలు అంతా విని ఒక్కటే అడిగింది. "అంచులో నా కుట్లు లేవా?"

"లేవే. నీ వంకర కుట్లే ఉండాల్సింది."

అప్పుడు ఏడ్చింది. టైలరమ్మ తలుపు మూసింది. ఉప్పుగాలికి గడియ తుప్పుపట్టి కదల్లేదు. ఇంటికెళ్లి కత్తెర చుట్టిన నూనెగుడ్డ తెచ్చి, రుద్ది, బిగించింది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి చూస్తే లాంచీ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం లోపల అవ్వ, దుప్పటి కప్పుకుని, గాలికి ఎదురుగా.

మరదలి దగ్గు మెల్లగా తగ్గింది. గాలులు తగ్గేలోపే అవ్వ పోయింది. కొడుకు దొరకలేదు. ఆ తలుపు వేయడానికి ఆ ఇంటివాళ్లెవరూ మిగల్లేదు. ఇంకెవరూ వేయకూడదు.

టైలరమ్మ ఇప్పుడు కొలత తీసుకునేటప్పుడు మాట్లాడదు.