మస్తాను మొదటి కూలరు బర్రె మేసింది

మా చిన్నప్పుడు... రెంటచింతలలో ఎండాకాలం మధ్యాన్నమయితే మా అమ్మ గోనెపట్టాలు నీళ్ళల్లో ముంచి గుమ్మానికి, కిటికీకి కట్టేది. బయట నిప్పులు చెరిగే వడగాలి ఆ గోనెలోనుంచి దూరి లోపలికొచ్చేసరికి చల్లబడేది. పిల్లలం దానికి వీపులు ఆనించి కూర్చునేవాళ్ళం. కాసేపటికే గోనె ఎండి అప్పడమయ్యేది... "ఏమే, లేచి నీళ్ళు కొట్టవే" అని అమ్మ నన్నే లేపేది.

ఈ ముచ్చట నా కొడుక్కి అన్నం పెడతా ఎన్నోసార్లు చెప్పాను. వాడు దాన్నే బతుకుతెరువు చేసుకుంటాడని నేనేమన్నా కలగన్నానా...

నా కొడుకు పేరు మస్తాను. నరసరావుపేటలో కూలర్లు తయారుచేసే షాపు పెట్టాడు. తర్వాత ఏసీలు బిగించాడు, చలికాలం గీజర్లు అమ్మాడు. నలుగురికి పని నేర్పి నిలబెట్టాడు. నిరుడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు. అప్పట్నుంచి షట్టర్ దించే ఉండేది. ఇప్పుడు ఎండలొచ్చినయ్. కోడలు షకీలా షాపు తీద్దామంటా వచ్చింది. నేను వద్దంటా వచ్చాను... వాడు లేని షాపులో ఫాను చప్పుడు నేను వినలేననుకున్నా.

ఏడుపు సంగతి పక్కన పెట్టి, వాడి నవ్వు సంగతులే చెప్తా.

మాది దూదేకుల ఇల్లు. మా ఆయన విల్లుతో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. మస్తాను ఏడో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం నూనె డబ్బాకి రెండు పక్కలా రేకు కోశాడు. లోపల వరిగడ్డి కూరాడు. పైన చిల్లుల గిన్నెలోంచి నీళ్ళు కారేటట్టు పెట్టి, వెనక టేబుల్ ఫాను పెట్టాడు. నన్ను చెయ్యిపట్టి లాక్కొచ్చి ముందు కూర్చోబెట్టాడు.

"అమ్మా, నీ గోనెపట్టాకి కరెంటు పెట్టా!"

నిజంగానే చల్లగాలి వచ్చింది... తడిసిన గడ్డి వాసనతో. నా చీర ముందంతా తడిసిపోయింది. అయినా లేవబుద్ధి కాలా.

అన్నాలకని లోపలికెళ్ళాం. ఇంతలో పక్కింటి కోటమ్మ కేక.

"ఒదినా! మీవోడి మిషను మా బర్రె మేసింది!"

పరిగెత్తుకెళ్తే ఏముంది... ఖాళీ డబ్బా. బర్రె తీరిగ్గా నెమరేస్తా నిలబడింది. మస్తాను ఏడుపుమొహం పెట్టాడు.

"అత్తా, నా కూలరు కక్కించు!"

"ఏందిరా కక్కించేది? సాయంత్రం పాలు చల్లగా ఇస్తదేమో చూద్దాం, ఉండు!"

వీధి వీధంతా నవ్వింది. చానా రోజులు వాణ్ణి చూస్తే "ఏరా, బర్రె కూలరు ఎట్టా ఉంది?" అని అడిగేవాళ్ళు.

వాడు వదిలితేగా! వట్టివేళ్ళు పెట్టి చూశాడు, కొబ్బరి పీచు పెట్టి చూశాడు. చివరికి బజారు నుంచి చెక్కపొట్టు గడ్డి తెచ్చాడు, ఇప్పటికీ కూలర్లలో పెట్టేది అదే. అది గట్టి ఉండలుగా వచ్చేది. వాడు దాన్ని అట్టాగే జాలీలో కుక్కేవాడు. ఒక పక్క నీళ్ళు బొటబొటా కారేయి, ఒక పక్క పొడిగా ఉండి వేడిగాలి కొట్టేది. మా ఆయన కుట్టే పరుపు పక్కనపెట్టి లేచొచ్చాడు.

"గుద్ది కూరితే గాలెట్టా వస్తదిరా? దూది ఏకినట్టు ఏకు."

కూర్చుని ఒక్కో ఉండనీ వేళ్ళతో విడదీశాడు. గుప్పెడు గడ్డి బుట్టెడయింది. తడిస్తే అంతటా ఒకేలాగా తడిసింది. గాలి ఎంత హాయిగా వచ్చిందో...

"నాయనా, చలికి నీ బొంత, ఎండకి నా కూలరు. ఏడాదంతా మనకి పనే!"

"ముందు బడికి పోరా!"

ఆయనా ఇప్పుడు లేడు. కానీ మస్తాను చేసిన కూలర్లన్నిట్లో గడ్డి ఏకింది మా ఇంటి చేతులే. ఎక్కువ నావే. మాచర్లకి, గురజాలకి ఆటోల మీద కూలర్లు కట్టించి పంపేవాడు. బాలింత ఉన్న ఇంట్లో కూలరు ఆగిందంటే ముందు అక్కడికే పోయేవాడు. పెద్ద బట్టల కొట్టాయన ఫోన్ మీద ఫోన్ చేసినా "పసిబిడ్డ ఏడుస్తందమ్మా, ఆయన ఏడవడుగా" అని నవ్వేవాడు.

ఇక మొన్నటి సంగతి. నాకు చెప్పకుండా షకీలా షాపు తీసింది. తెలిసి కోపంగా పోయాను.

"ఎవర్నడిగి తీశావే?"

"అడిగితే వద్దంటావని అడగలేదత్తా."

కింద కూర్చునుంది. జుట్టునిండా గడ్డి. ఒళ్ళంతా తడిసిపోయింది. ముందున్న జాలీలోంచి నీళ్ళు కారతా ఉన్నాయి. గడ్డిని పిడికిలితో పొడిచి పొడిచి కూరతంది.

"అట్టా గుద్దుతావేందే? అదేమన్నా నీ మొగుడా?"

నోరు జారింది... ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

ముందు షకీలానే నవ్వింది. "ఆయన్నెప్పుడు గుద్దానత్తా? గట్టిగా ఒక మాటంటే నీ వెనకొచ్చి దాక్కునేవాడుగా!" అంది. నేనూ నవ్వాను. కళ్ళల్లో నీళ్ళొచ్చినా నవ్వు ఆగలా.

ఆమె పక్కన కూర్చుని గడ్డి ఏకటం మొదలుపెట్టా. ఎట్టా విడదియ్యాలో చూపించా. ఆమె జాలీ బిగించి స్విచ్చేసింది. ఫాను తిరిగింది... వినగలిగాను. సాయంత్రం షట్టర్ నేనే దించి, తాళంచెవి నా కొంగుకి కట్టుకున్నా. పొద్దున్నే తియ్యాలిగా మరి.

అప్పట్లో ఒక్క కూలరొస్తే దాని ముందు నాలుగిళ్ళ జనం పడుకునేవాళ్ళు... కాళ్ళెవరియో, చేతులెవరియో. ఇప్పుడు ఎవరి గది వాళ్ళది. తలుపు తీస్తే చల్లదనం పోద్దని పలకరింపులు కూడా బయటే ఆగిపోతన్నయ్.

మీ వీధిలో మొదటి కూలరు ఎవరింటికొచ్చింది? ఎవర్ని నెట్టి మీరు దాని ముందు కూర్చున్నారు? రాయండి... షాపులో కూర్చుని, నేనూ మా కోడలూ చదువుకుంటాం.