ఆఖరి పదహారు పేజీలు

భవానీపురం నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వన్‌టౌన్‌లోని బైండింగు షాపుకొచ్చే కాశింను అందరూ నోట్లో నాలుక లేని మనిషి అనేవారు. అన్నవాళ్లకేం తెలుసు! డెబ్బై నాలుగులో అతను తీర్చుకున్న పగ చూసుంటే ఆ మాట అనేవారు కాదు.

పుస్తకాలు కుట్టే ఆ మనిషికి కథలల్లే బుద్ధి కూడా ఉండేది. కృష్ణ ఒడ్డున జరిగిన హత్య కథ ఒకటి ఏడాదిగా మనసులో తిప్పుకుంటున్నాడు. డిటెక్టివ్ నవలలు రాసే కాశీరావు షాపుకొచ్చినప్పుడల్లా టీ ఇప్పించి, ఆ కథ కొంచెం కొంచెంగా చెప్పించుకున్నాడు.

"ఆఖర్న ఏమవుద్దోయ్?"

"అది నాకే ఇంకా తెలీదు సార్. ఆలోచిస్తన్నా."

రెండు నెలలకి అదే కథ కాశీరావు పేరుతో అచ్చయి, కుట్టడానికి కాశిం ముందుకే వచ్చింది.

"ఏంటి సార్ ఇది? నా కథ గదా!"

"నువ్వు ఏడాది నానబెట్టావ్. నేను ఎనిమిది రోజుల్లో రాసి పడేశా, ప్రూఫులు కూడా చూళ్లేదు. రాసేవోడికి స్పీడుండాలోయ్!" అని భుజం తట్టి వెళ్లిపోయాడు.

కాశింకి ఒళ్లు మండిపోయింది. ఆఖర్లో ఇన్‌స్పెక్టరు పిస్తోలు పేల్చి హంతకుణ్ణి పట్టుకుంటాడట! ఏడాది మోసిన కథకు ఇలాంటి చావా! ఆ రోజే కూర్చుని తన ముగింపు రాశాడు. హంతకుడికి అచ్చం కాశీరావుదిలాంటి బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టి, మూడు పేజీల పొడవునా ఉరి తీశాడు.

భార్య నజీమా విని, "కోపం తప్ప ఇందులో కథేదీ?" అంది.

ఉడుక్కుని ఆ కాయితాలను బైండింగు ప్రెస్సులో పెట్టి మర బిగించేశాడు. అతికిన పుస్తకాన్ని తడారకముందే తీస్తే వంకర పోతుందని అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. శివకాశి నుంచి నవల అట్టలు రావడం నలభై రోజులు ఆలస్యమైంది. పని లేని ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున ఊరికే కూర్చునేవాడు. పగ మాత్రం చల్లారలేదు, జాడీలో పచ్చడిలా ఊరింది. మర విప్పి చదివితే తన రాత తనకే తిట్ల జాబితాలా కనిపించింది. చించేసి కొత్తగా రాశాడు. పరామర్శకని రోజూ వచ్చే హంతకుడికి, చనిపోయినవాడి భార్య ఒకరోజు తన భర్త గ్లాసులో మంచినీళ్లిస్తుంది. వాడు ఆ నీళ్లు తాగనూ లేడు, గ్లాసు కింద పెట్టనూ లేడు.

ఆ నవల అచ్చేసిన ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్ బసవపున్నయ్య కాశిం స్నేహితుడు. పాత ముగింపులాగే సరిగ్గా పదహారు పేజీలకు సరిపెట్టి, గుట్టుగా అచ్చేసి ఇచ్చాడు. కాశిం ప్రతి పుస్తకంలోనూ పాత ముగింపు తీసేసి ఇది కుట్టాడు.

జనం ఆ నవలను ఎగబడి కొన్నారు. కంకిపాడు లైబ్రరీలో కాశీరావుకు సన్మానం పెట్టారు. కాశిం వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు.

టీచరు శౌరమ్మ లేచింది. "ఆ గ్లాసు సంగతి మీకెలా తట్టిందండీ? చదివి ఏడ్చేశానండి."

"ఏ గ్లాసమ్మా? ఆఖర్న ఇన్‌స్పెక్టరు పిస్తోలు పేలుస్తాడు గదా!"

హాల్లో అందరూ పేజీలు తిప్పారు. ఎవరో కిసుక్కున నవ్వారు. కాశీరావు ఒక పుస్తకం అందుకుని, తన పేరున్న నవలకు ముగింపేమిటో మొదటిసారి వేదిక మీద చదువుకున్నాడు. దండ కింద మెడంతా చెమట పట్టింది. తలెత్తేసరికి వెనక కాశిం లేచి నిలబడి ఉన్నాడు.

"నిదానంగా చదవండి సార్. తొందరేం లేదు."