పేరు మార్చాం కదా

పనిచేసేచోట మనుషులు తమ మనసులో మాట పైవాళ్లకు ఎందుకు చెప్పరు? ఇదీ ఆ అమ్మాయి పరిశోధన. సిటీలో ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో డాక్టరేటు చేస్తోంది. వానాకాలమంతా మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి, అజీజ్‌నగర్‌లో దిగి, మా రిసార్టుకు వచ్చేది. అక్కడ వంటశాల ఆడవాళ్ల మీద అజమాయిషీ నాది. పెళ్లి పార్టీకి ఉల్లిగడ్డలు కోస్తుంటే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, "ఇప్పుడు మీకు ఎట్ల అనిపిస్తుంది అమ్మా?" అని అడిగేది. ఉల్లిగడ్డలు కోస్తుంటే ఎట్లా అనిపిస్తుంది? కళ్లు మండుతున్నాయన్నాను. అది కూడా రాసుకుంది.

మా దగ్గర గిన్నెలు తోమే ఆమె మాత్రం చాలా రోజులు నోరు విప్పలేదు. ఆ అమ్మాయి దిగాలుగా తిరిగిపోతుంటే చూడలేక నేనే మధ్యలో దూరాను.

"పేర్లు రాయరట చెల్లె. చెప్పు, నేనున్న గదా."

అప్పుడు చెప్పింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపడం కష్టమైంది. మా మేనేజరు ప్రతి సోమవారం అందరినీ గుండ్రంగా నిలబెట్టి, ఏమన్నా ఉంటే ఫ్రీగా చెప్పండి అంటాడు. "ఎవరు నోరు తెరుస్తరో వాళ్లకే ఆ వారం లీవు ఉండది," అంది. అంతటితో ఆగకుండా ఆయన నడకనూ, ఇంగ్లీషునూ కూడా అనుకరించి చూపింది. ఆ అమ్మాయి ఫోను అన్నిటినీ రికార్డు చేసింది.

ఈ పరిశోధన చేసేవాళ్ల పద్ధతి ఒకటుంది. రాసిన తర్వాత, ఎవరి గురించి రాశారో వాళ్లకు ఆ భాగం చూపించి, మీరు చెప్పింది ఇదేనా అని అడుగుతారు. నేను చదవగలనని గొప్పలు పోయి ఉన్నాను కాబట్టి, ఆ అమ్మాయి నా కోసం తెలుగులో రాసి తెచ్చింది.

నాకో పువ్వు పేరు పెట్టారు. ఆ పేరు కింద నా సంగతి ఉంది. నలభై అయిదు దాటాక, చేవెళ్లలో ఆడబిడ్డ కిరాణా దుకాణంలో కూర్చుని, సబ్బుల మీదా అగ్గిపెట్టెల మీదా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని ఈమె చదువు నేర్చుకుంది అని. నా గురించి ఎవరైనా రాయడం అదే మొదటిసారి. మళ్లీ చదువుకున్నాను. ఆడబిడ్డకు చూపించాలనుకున్నాను. ఆ తర్వాతే కింది పేరా చూశాను.

గిన్నెలు తోమే ఆమెకు నది పేరు పెట్టారు. పువ్వు పేరున్న ఆమె కింద పనిచేస్తుందనీ, ముంజేతి మీద కాలిన మచ్చ ఉందనీ రాశారు. ఆపైన మేనేజరు గురించి ఆమె అన్నవన్నీ ఉన్నాయి, ఆ నడకతో సహా.

అజీజ్‌నగర్, మొయినాబాద్ చుట్టూ రిసార్టులు ఎన్నయినా ఉండవచ్చు. సబ్బుల మీద చదువు నేర్చిన వంటశాల మనిషిని మాత్రం నేనొక్కదాన్నే. మా మేనేజరే ఆ ముచ్చట అతిథులకు చెప్పి నన్ను పిలిపించి చూపిస్తాడు. పైగా పరిశోధనకు ఒప్పుకున్నప్పుడే, తయారయ్యాక మేనేజరుకు ఒక కాపీ ఇవ్వాలని మా ఓనరు మాట తీసుకున్నాడు.

"ఇది చదివితే ఆమె నౌకరి ఉంటదా బిడ్డా?"

"పేరు మార్చినం గదా అమ్మా."

"పేరు మార్చిన్రు, సింకు మార్చిన్రా? ఆ సింకు కాడ ఇంకెవరున్నరు?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు గూడ అనిపించింది అమ్మా."

"మరి నీకు గైడుగా ఉన్న మేడంకు చెప్పలే?"

"మేడమూ ఇంకో సారూ కలిసి ఈ పేపరు రాస్తున్నరు. సార్‌కు మీ సబ్బుల ముచ్చట మస్తు నచ్చింది. నేను వద్దంటే ఏమనుకుంటరో. నా థీసిస్ మొత్తం మేడం చేతిలనే ఉన్నది. జర మీరే చెప్పరా?"

"నీ పరిశోధన దేని మీద బిడ్డా?" అన్నాను.

రిసార్టులో మాట్లాడే వీలు లేదు. నేను మాట్లాడాలన్నానని ఆ అమ్మాయి ఫోను చేస్తే మేడం కారులో మొయినాబాద్ వచ్చారు. రోడ్డు పక్క టిఫిన్ సెంటర్‌లో ముగ్గురం కూర్చున్నాం. మంచి మనిషే. నా చేయి పట్టుకుని మరీ మాట్లాడారు.

"మీ ఇద్దరి కథే మా పేపరుకు ప్రాణమండీ. అది తీసేస్తే ఏం మిగులుతుంది?"

"ఆమె నౌకరి మిగుల్తది మేడం."

"అది ఇంగ్లీషులో ఉంటుంది. మేనేజరు గారు అంత శ్రద్ధగా చదువుతారంటారా?"

"ఆయన గూడ మీలాంటి కాలేజీల చదివినాయనే. ఆయన ముచ్చట ఉన్నదంటే చదవడా?"

మేడం ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

ఆ పిల్ల దోసె ముక్కను చట్నీలో ముంచుతూనే ఉంది. ముక్క మెత్తబడిపోయింది. నాకు ఒళ్లు మండి బల్ల కింద కాలితో ఒక్కటి తన్నాను.

"తీసేద్దాం మేడం," అంది ఉలిక్కిపడి. "పేరు రాదని ఆమెకు నేనే మాటిచ్చిన."

"ఈ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు మేడం. నిజంగానే అర్థం కాక అడిగారు.

చివరికి మేడం దిగివచ్చారు. ఆమె భాగం తీసేస్తాం, మీ చదువు సంగతి మాత్రం ఉంచుతాం, మీకు అభ్యంతరం లేదుగా అన్నారు. ఉంచమనే అనాలనిపించింది. కానీ నేనుంటే అది ఏ వంటశాలో తెలిసిపోతుంది. అప్పుడు మిగిలిన ప్రతి మాటకూ మేనేజరు మా వాళ్లలోనే ఒకరిని వెతుకుతాడు.

"నాది గూడ తీసెయ్యుండ్రి," అన్నాను. చల్లారిన చాయ్ తాగాను.

చలికాలంలో కాపీ వచ్చింది. మేనేజరు దాన్ని సోమవారం మా గుండ్రంలో నిలబడి చదివి, "చూసిన్రా, కొన్ని జాగల్ల స్టాఫ్ మాట్లాడనీకి భయపడ్తరంట. మన దగ్గర ఆ ఫికరే లేదు," అన్నాడు.

ఆయన వెళ్లాక గిన్నెలు తోమే ఆమె నన్ను పట్టుకుంది. "నా ముచ్చట ఏది అక్కా?"

ఆ కాపీతో పాటు ఆ అమ్మాయి నాకిచ్చిన కొత్త తెలుగు కాగితం తీసి చదివాను. "కొందరు ఉద్యోగులు సమావేశాలలో మాట్లాడటానికి సంకోచిస్తారు."

"ఇంకా?"

"అంతే చెల్లె."

"అంతేనా! వానాకాలమంతా నాతోని మాట్లాడిచ్చి గింతనా రాసేది? నడిచి చూపెట్టిన గదా, అది గూడ లేదా? గీ దానికి నన్నెందుకు సతాయించినవ్ అక్కా?"

ఎందుకు తీయించానో చెప్పేలోపే, తప్పంతా నాదే అన్నట్టు మూతి తిప్పుకుని పోయి, కుక్కర్లను దడదడమని సింకులో పడేసింది. నాకూ కోపం వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలి? మర్నాడు మంగళవారం ఆమెకు లీవు. ఆమె అన్నవేవీ మేనేజరుకు చేరలేదు గనుక ఎప్పటిలాగే ఇచ్చారు, ఎప్పటిలాగే తీసుకుంది. ఆమె బదులు మనిషి రాలేదు. బిర్యానీ అడుగంటిన డేగిశాలన్నీ నేనే తోమాను, ఆ అమ్మాయినీ, మేడంనూ, ఆ సార్‌నూ ఒక్కొక్కరినే తిట్టుకుంటూ.