ఎండుచేప ఏంటికి కుళ్లదు?

ఒక వీధి వీధంతా ముక్కు మూసుకునేలా పాఠం చెప్పిన మాస్టారు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనే.

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చి, ఒర్లియంపేటలో ఒక బడిలో సైన్సు మాస్టారుగా కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పిల్లలే ప్రశ్న వేసుకోవాలి, పిల్లలే జవాబు కనిపెట్టాలి అని శిక్షణలో విని వచ్చాను. కొత్త బూట్లు కొన్నవాడిలా, ఆ పద్ధతి వేసుకుని ఎక్కడ తిరుగుదామా అని చూస్తుంటే ఏడో తరగతి దొరికింది.

"ఏదైనా అడగండర్రా!" అన్నాను.

తరగతంతా గోడకేసి చూసింది. చివరి బెంచీలో కనకవల్లి అనే పిల్ల ఉండేది. ఇంట్లో తెలుగే మాట్లాడతారట గానీ, బడిలో మాత్రం ఏ భాషలోనూ పెదవి కదిపేది కాదు. ఆ రోజు ఎందుకో గొణిగింది.

"సార్, పచ్చి చేప కుళ్లిపోతుంది గదా, ఎండుచేప ఏంటికి కుళ్లదు?"

నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "నేను చెప్పను. మీరే కనిపెట్టండి!"

మర్నాడు జాలర్లుండే వైతికుప్పం నుంచి చేపలొచ్చాయి. కొన్ని సీసాల్లో ఉప్పు దట్టించాం, కొన్నింటిలో వట్టి చేపలే వేశాం. మూతులకు గుడ్డలు కట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆ సాయంత్రమే తుఫాను పట్టుకుంది. బడికి వరసగా సెలవులిచ్చారు. నేను గదిలో ముసుగుతన్ని పడుకున్నాను. చేపలు గుర్తొస్తే ఒట్టు!

బడి తెరిచిన రోజు హెడ్మిస్ట్రెస్ గేటు దగ్గరే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఎదురయ్యారు. ఆవిడదీ తరాలుగా ఈ ఊళ్లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబం.

"ఏంది సార్ ఈ నాత్తం? యాడన్నా ఎలక చచ్చిందా?"

"ఎలక కాదు మేడం. పాఠం."

"పాఠం చచ్చిందా?"

బీరువా తాళం తీశాను. లోపలి కంపు నన్ను తోసుకుని బయటికొచ్చింది. "అన్నీ తీసి పారెయ్యండి, సీక్కిరం!" అని అరిచారు మేడం. నా ఉద్యోగం కూడా ఆ సీసాలతోపాటే పోతుందనుకుని చెయ్యి చాచాను.

"పారెయ్యబాకండి సార్! మేమింకా చూళ్లేదు!"

కనకవల్లి! చున్నీ ముక్కుకు బిగించి, సీసాలు బల్లమీద పేర్చి, ఏకంగా మేడం వైపు తిరిగింది.

"మేడం, ఇది ఉప్పేసింది. వాసన చూడండి, అంత కంపు లేదు గదా? చేపలో నీళ్లన్నీ ఉప్పు లాగేసింది, అడుగున చూడండి. తడి లేకుంటే క్రిములు యాడ బతుకుతాయి?"

మేడం కొంగు తీశారు. నిజంగానే తీశారు! వంగి ఒక్కో సీసా వాసన చూశారు. (వట్టి చేపల సీసా దగ్గర కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డారనుకోండి, అది వేరే సంగతి.) తేరుకున్నాక, "ఈ పిల్లకు మాటలొచ్చా సార్?" అన్నారు.

నేనూ ముక్కు మీది రుమాలు తీసేశాను. కంపు పోయి కాదు, గర్వంతో. బడంతా ముక్కు మూసుకున్న రోజున ఆ పిల్ల నోరు తెరిచింది!

సీసాలు నేనే కడిగాను. మేడం ఒక్క షరతు పెట్టారు. "ఈ మాదిరి ఇంకా చెయ్యండి సార్. గానీ మంచి వాసనొచ్చేది ఏదన్నా చూడండి." మర్నాడు మల్లెపూలు పట్టుకెళ్లాను. కనకవల్లి వాటిని ఎగాదిగా చూసింది.

"సార్, ఇవి ఎన్నాళ్లకు కంపు కొడతాయి?"

కనుక పాఠకులారా, సముద్రం వైపు తిరిగి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను: వాతావరణ వార్తలు వినకుండా ఇకమీదట ఏ ప్రశ్ననూ బీరువాలో పెట్టి తాళం వెయ్యను.